గొంతులో తెలుపు కనిపించగానే యాంటీబయాటిక్కా?

గొంతునొప్పికి యాంటీబయాటిక్ వేసుకోవడం ప్రపంచమంతటా ఉన్న అలవాటే. అందులో చాలా భాగం అక్కర్లేనిది. పెద్దవాళ్లలో గొంతునొప్పి వచ్చిన ప్రతి వందమందిలో స్ట్రెప్ అనే బాక్టీరియా కారణమయ్యేది సుమారు 5 నుంచి 15 మందికే. పిల్లల్లో ఆ సంఖ్య 20 నుంచి 30 దాకా ఉంటుంది. మిగతావాటిలో ఎక్కువ భాగం వైరస్‌ల పనే: జలుబు తెచ్చే రైనోవైరస్, అడినోవైరస్, ఫ్లూ, కరోనా. వీటి మీద ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. వారం తిరిగేసరికి గొంతు దానంతట అదే సర్దుకుంటుంది. పేరు మాత్రం వేసుకున్న మాత్రకు వస్తుంది.

దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం పంటి దగ్గర నడుస్తుంది. పన్ను వేరు దగ్గర చీము పట్టినవాళ్లు నెలల తరబడి యాంటీబయాటిక్ కోర్సుల మీద నెట్టుకొస్తుంటారు. అక్కడ కావాల్సింది డెంటిస్టు చేతిపని. అవసరం లేనిచోటా మందే, వేరే పని జరగాల్సినచోటా మందే. ఎరుపు, తెలుపు, వాపు చూసి జబ్బు పేరు తేల్చేయడం దగ్గరే ఈ తికమక మొదలవుతుంది. నిజానికి నోట్లో, గొంతులో రంగు చెప్పేది తక్కువ. మచ్చ ఎక్కడుంది, తుడిస్తే వస్తుందా, తోడుగా దగ్గు ఉందా, ఎన్నాళ్లయింది అనేవి అంతకంటే చాలా ఎక్కువ చెబుతాయి.

గొంతులో ఏం చూడాలి

టార్చి వెలుతురులో నోరు బాగా తెరిచి "ఆ" అంటే అంగిలి వెనకభాగం పైకి లేచి గొంతు కనిపిస్తుంది. నడుమ వేలాడేది కొండనాలుక. దానికి అటూ ఇటూ రెండు మడతల మధ్య ఒదిగి ఉండేవి టాన్సిల్స్. చిన్నపిల్లల్లో ఇవి మామూలుగానే పెద్దగా ఉంటాయి కాబట్టి సైజు చూసి కంగారుపడాల్సింది లేదు. జబ్బు చేసిన టాన్సిల్ ఎర్రగా ఉబ్బి, దాని మీద చుక్కలుగానో అతుకులుగానో తెల్లని, పసుపుపచ్చని పూత కడుతుంది. "చీము పట్టింది, యాంటీబయాటిక్ కావాలి" అనే మాట ఇక్కడే పుడుతుంది. కానీ అడినోవైరస్ కూడా అచ్చం ఇలాంటి పూతనే తెస్తుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అయితే ఇంకా దట్టంగా తెస్తుంది. జ్వరం, నొప్పి ఏమీ లేకుండా టాన్సిల్ గుంటలో చిన్న తెల్లని ఉండ కనిపించి, నోరు వాసన వస్తుంటే అది టాన్సిల్ స్టోన్. గుంటలో చేరిన మృతకణాలు, ఆహారపు తునకలు గట్టిపడి అలా తయారవుతాయి. అది ఇన్ఫెక్షనే కాదు.

మరి స్ట్రెప్‌ను ఎలా పట్టుకోవడం? 1981లో రాబర్ట్ సెంటర్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు నాలుగు గుర్తులతో ఒక లెక్క చెప్పారు. జ్వరం రావడం, టాన్సిల్స్ మీద పూత, మెడ ముందుభాగంలో నొక్కితే నొప్పిపుట్టే బిళ్లలు, దగ్గు లేకపోవడం. తర్వాత దీనికి వయసును కూడా కలిపారు: 3 నుంచి 14 ఏళ్ల మధ్య అయితే ఒక మార్కు ఎక్కువ, 45 దాటితే ఒకటి తక్కువ. ఇందులో నాలుగో గుర్తు చాలామంది పట్టించుకోనిది. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురుపోవడం, కళ్లు ఎర్రబడటం ఉన్నాయంటే వైరస్ వైపే మొగ్గు. స్ట్రెప్ ఇలా జలుబు వేషంలో రాదు. ఉదయం బాగున్నవాళ్లకు సాయంత్రానికి గుటక వేయలేనంత నొప్పి, జ్వరం వస్తాయి. పిల్లల్లో తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు కూడా ఉండొచ్చు. కొందరికి ఒంటి మీద చేత్తో తడిమితే గరుకుగా తగిలే ఎర్రని దద్దు వస్తుంది, నాలుక ఎర్రబడి బొడిపెలు తేలుతుంది. దాన్ని స్కార్లెట్ ఫీవర్ అంటారు. అదీ స్ట్రెప్ పనే. మూడేళ్లలోపు పిల్లల్లో స్ట్రెప్ గొంతునొప్పి అరుదు.

అయితే నాలుగు గుర్తులూ ఉన్నా అది స్ట్రెప్ అయ్యే అవకాశం సుమారు సగమే. అందుకే ఈ లెక్క జబ్బు పేరు తేల్చడానికి కాదు, ఎవరికి పరీక్ష చేయాలో తేల్చడానికి. మార్కులు సున్నా, ఒకటి దగ్గర ఉంటే పరీక్ష కూడా అక్కర్లేదు. అంతకంటే ఎక్కువుంటే గొంతులో దూదిపుల్ల తిప్పి చేసే ర్యాపిడ్ టెస్టు నిమిషాల్లో ఫలితం ఇస్తుంది. పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. నెగటివ్ వచ్చినప్పుడు కొన్ని కేసులు తప్పిపోతాయి కాబట్టి పిల్లల్లో కల్చర్ కూడా చేస్తారు, అంటే గొంతు నమూనాలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూస్తారు. దానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. ఏఎస్‌ఓ అనే రక్తపరీక్ష మాత్రం ఈ పనికి పనికిరాదు. అది పాత ఇన్ఫెక్షన్ తాలూకు యాంటీబాడీలను చూపిస్తుందంతే. గొంతు బాగున్నా ఏఎస్‌ఓ ఎక్కువుందని నెలల తరబడి పెన్సిలిన్ వాడించడంలో అర్థం లేదు.

పది రోజుల కోర్సు ఎందుకంటే

స్ట్రెప్ అని తేలితే మందు పాతదే, చౌకదే: పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్, పది రోజులు. ఇన్ని దశాబ్దాలు వాడినా ఈ బాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగకుండా పోలేదు. యాంటీబయాటిక్‌ల చరిత్రలో ఇలాంటి మంచి కబురు అరుదు. పెన్సిలిన్ పడనివాళ్లకు అజిత్రోమైసిన్ వంటివి ఇస్తారు. వాటికి మాత్రం కొన్నిచోట్ల స్ట్రెప్ లొంగడం లేదు. కాబట్టి మొదటి ఎంపికగా అజిత్రోమైసిన్ మూడు రోజుల కోర్సు వేసేసుకోవడం రెండు విధాలా తప్పు.

వింతేమిటంటే, స్ట్రెప్ అయినా సరే, మందు లేకపోయినా నొప్పి చాలామందికి వారంలో తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ ఆ బాధను మహా అయితే ఒక రోజు తగ్గిస్తుంది. మరి పది రోజులు ఎందుకు మింగాలి? గొంతు కోసం కాదు, గుండె కోసం. స్ట్రెప్ మీద పోరాడటానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు కొందరిలో సొంత కణజాలం మీదే విరుచుకుపడతాయి. గొంతు తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్లనొప్పులు, జ్వరం, గుండె కవాటాల వాపు మొదలవుతాయి. ఇదే రుమాటిక్ ఫీవర్. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో వస్తుంది. పాడైన కవాటం జీవితాంతం పాడైనట్టే. మూడో రోజుకి నొప్పి పోయిందని మందు మానేస్తే ఈ రక్షణ నమ్మకంగా దొరకదు.

ఇక్కడే ఊరటనిచ్చే విషయం ఒకటుంది. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు మందు మొదలుపెట్టినా రుమాటిక్ ఫీవర్‌ను అడ్డుకోవచ్చు. అంటే పరీక్ష ఫలితం కోసం రెండు రోజులు ఆగితే కొంపలేమీ మునగవు. "ఎందుకైనా మంచిదని" మొదటి రోజే మొదలుపెట్టడానికి చెప్పే కారణం ఈ ఒక్క సంగతితో వీగిపోతుంది. రుమాటిక్ ఫీవర్ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో వైద్యులు పిల్లల విషయంలో తొందరగా మందు మొదలుపెడతారు. అది సబబే. ముక్కు కారుతూ, దగ్గుతూ వచ్చిన నలభై ఏళ్ల మనిషికి ఆ తొందర వర్తించదు.

కౌమారంలో ఉన్నవాళ్లకు గొంతునొప్పి పది రోజులు దాటినా తగ్గక, విపరీతమైన నీరసం ఉండి, మెడ వెనక వైపు కూడా బిళ్లలు కడితే ఎప్‌స్టీన్-బార్ వైరస్ తెచ్చే మోనోన్యూక్లియోసిస్‌ను అనుమానించాలి. దీన్ని స్ట్రెప్ అనుకుని అమాక్సిసిలిన్ ఇస్తే చాలామందికి ఒళ్లంతా దద్దు వస్తుంది. తర్వాత జీవితాంతం "పెన్సిలిన్ పడదు" అనే ముద్ర పడిపోతుంది, నిజానికి అది అలెర్జీ కాకపోయినా. ఈ జబ్బులో ప్లీహం ఉబ్బుతుంది. దెబ్బ తగిలితే చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి కనీసం మూడు నాలుగు వారాలు మీదపడి ఆడే ఆటలు మానాలి.

నొప్పికి ఇంట్లో చేసుకోగలిగినవి తక్కువేం కాదు. పారాసిటమాల్ పిల్లలకు బరువు లెక్కన కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు డోసులకు మించకుండా ఇవ్వొచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. కొన్ని వైరల్ జ్వరాల్లో అది కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేస్ సిండ్రోమ్‌కు దారి తీస్తుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి పుక్కిలిస్తే క్రిములు చచ్చిపోవు గానీ వాపు, గరగర కాస్త తగ్గుతాయి. చల్లని ద్రవాలు గొంతుకు హాయినిస్తాయి. ఇన్ఫెక్షన్‌ను పెంచవు. తేనె గొంతుకు పనిచేస్తుంది, ఏడాది నిండని పిల్లలకు మాత్రం బొట్టు కూడా వద్దు, బొటులిజం అనే బాక్టీరియా విషప్రభావం వచ్చే ప్రమాదం ఉంది.

ఆగకూడని సందర్భాలు

గొంతునొప్పిలో ప్రాణం మీదికి తెచ్చేవి కొన్నే, అవి కాస్త గమనిస్తే దొరికిపోతాయి. నొప్పి ఒక్క వైపే పోటు పెట్టడం, నోరు తెరవలేకపోవడం, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు గొంతు మారడం, కొండనాలుక పక్కకు ఒరిగిపోవడం కనిపిస్తే టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టినట్టు. దాన్ని సూదితో లాగాలి లేదా కోసి తీయాలి. గొంతులోకి చూస్తే ఏమంత ఎర్రగా లేకపోయినా, మనిషి ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుస్తూ, ముందుకు వంగి కూర్చుని, ఊపిరి తీసుకునేటప్పుడు కీచుమని శబ్దం చేస్తుంటే అది ఎపిగ్లాటిస్, అంటే శ్వాసనాళం మూత, వాచిన లక్షణం. అలాంటప్పుడు చెంచాతో నాలుక నొక్కి చూడాలని ప్రయత్నించకూడదు. శ్వాస అక్కడికక్కడ ఆగిపోవచ్చు. పడుకోబెట్టకుండా, కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఈ వాపు తెచ్చే హిబ్ అనే బాక్టీరియాకు టీకా వచ్చాక పిల్లల్లో ఇది బాగా తగ్గింది.

టాన్సిల్స్ దాటి అంగిలి దాకా పాకిన బూడిదరంగు పొర, గీకితే రక్తం రావడం, మెడ ఉబ్బిపోవడం డిఫ్తీరియాకు గుర్తులు. టీకాలు సరిగా పడనిచోట ఇది ఇంకా ఉంది. యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, అప్పటికే విడుదలైన విషాన్ని విరిచే యాంటీటాక్సిన్ వెంటనే పడాలి. ల్యాబ్ ఫలితం కోసం ఆగరు.

నోట్లో మచ్చ: ముందా, వెనకా, తుడిస్తే వస్తుందా

నోటి విషయానికొస్తే అన్నిటికీ "నోటిపూత" అనే ఒక్క మాటే వాడేస్తాం. మందు మాత్రం దేనికదే వేరు.

తెల్లని పూత నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాల తరకల్లా ఉంటే శుభ్రమైన గాజుగుడ్డ వేలికి చుట్టి మెల్లగా తుడిచి చూడాలి. పూత ఊడివచ్చి అడుగున ఎర్రగా, ఒరుసుకుపోయినట్టు కనిపిస్తే అది చాలామటుకు కాండిడా అనే ఫంగస్, థ్రష్ అంటారు. పసిపిల్లల్లో పాలు తాగాక నాలుక మీద మిగిలే తెలుపు తేలిగ్గా పోతుంది, కింద ఎర్రదనం ఉండదు. థ్రష్‌కు నిస్టాటిన్ చుక్కలు రోజుకు నాలుగుసార్లు నోట్లో అంతటా తగిలేలా వేస్తారు, పూత పోయాక ఇంకో రెండు రోజులు కొనసాగిస్తారు. క్లోట్రిమాజోల్ మౌత్ పెయింట్ కూడా పనిచేస్తుంది. మైకోనజోల్ జెల్ నాలుగు నెలల్లోపు పసివాళ్లకు గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉంది. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. పాలిచ్చే తల్లి చనుమొనలకూ మందు రాయకపోతే ఇన్ఫెక్షన్ ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది.

పెద్దవాళ్లకు థ్రష్ ఊరికే రాదు. ఆస్తమా ఇన్హేలర్ పీల్చాక నోరు పుక్కిలించకపోవడం, కట్టుడుపళ్లు రాత్రిళ్లు తీయకపోవడం, అదుపులో లేని షుగర్, ఈమధ్యే వాడిన యాంటీబయాటిక్‌లు ముందు చూడాల్సినవి. ఇవేవీ లేకుండా వచ్చిందంటే హెచ్‌ఐవీతో సహా రోగనిరోధక శక్తి తగ్గించే కారణాలకు పరీక్ష చేయించడం మంచిది. మందు రాసి కారణం వెతక్కపోతే అది మళ్లీ వస్తుంది.

తుడిచినా పోని తెల్లమచ్చది వేరే కథ. పొగాకు నమిలేవాళ్లలో, పొగతాగేవాళ్లలో అది ల్యూకోప్లేకియా కావచ్చు. ఇన్ఫెక్షన్ కాదు, కొన్నిసార్లు క్యాన్సర్‌గా మారుతుంది. దానికి ఫంగస్ మందులు పూసుకుంటూ కూర్చోవడం విలువైన కాలాన్ని పోగొట్టుకోవడమే.

పిల్లల్లో పొక్కులకు వాటి చోటే మంచి ఆనవాలు. చిగుళ్లు ఎర్రగా వాచి రక్తం కారుతూ, పెదాలు, నాలుక ముందుభాగం నిండా చిన్న చిన్న పొక్కులు, తీవ్రమైన జ్వరం ఉంటే మొదటిసారి సోకిన హెర్పిస్ వైరస్. పొక్కులన్నీ వెనక, అంగిలి మెత్తని భాగంలో, కొండనాలుక చుట్టూ ఉండి చిగుళ్లు బాగుంటే హెర్పాంజినా. నోటితో పాటు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు. చివరి రెండూ ఎంటెరోవైరస్‌లవి, వారం పది రోజుల్లో పోతాయి, మందు లేదు, అక్కర్లేదు. హెర్పిస్‌కు మాత్రం ఎసైక్లోవిర్ ఉంది, అయితే మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా ఉపయోగం. ఈ మూడింటిలోనూ పిల్లలను ఆస్పత్రి దాకా తీసుకెళ్లేది ఎక్కువగా ఒంట్లో నీరు ఆరిపోవడమే. నొప్పికి భయపడి తాగడం మానేస్తారు. తాగించడానికి అరగంట ముందు పారాసిటమాల్ ఇచ్చి, చల్లని ద్రవాలు చెంచా చెంచాగా పట్టిస్తే చాలావరకు గట్టెక్కుతారు. ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా ఆలస్యం చేయకూడదు.

హెర్పిస్ ఒకసారి వచ్చాక నరాల్లో దాక్కుని ఉండిపోతుంది. 50 ఏళ్లలోపు వాళ్లలో ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడింట రెండు వంతుల మందికి ఇది ఉంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. జ్వరం, ఎండ, టెన్షన్ తర్వాత పెదవి అంచున చుర్రుమని మొదలై పొక్కులు లేస్తాయి. మందు ఆ చురుకు దశలోనే పడాలి, పొక్కు పక్కు కట్టాక పూసి లాభం లేదు. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లు పసిపిల్లలను ముద్దుపెట్టుకోకూడదు. నెల నిండని బిడ్డకు ఇది ప్రాణాంతకం.

బుగ్గ లోపల, పెదవి లోపల గుండ్రంగా, మధ్యలో పాలిపోయి చుట్టూ ఎర్రని అంచుతో వచ్చే మామూలు నోటిపుండు అసలు ఇన్ఫెక్షనే కాదు, అంటుకోదు. వారం రెండు వారాల్లో మానుతుంది. మాటిమాటికీ వస్తుంటే ఐరన్, ఫోలేట్, బి12 లోపం ఉందేమో చూపించుకోవాలి. దీనికి పూసే స్టెరాయిడ్ పేస్టు బాగానే పనిచేస్తుంది, అదే పేస్టు హెర్పిస్ పొక్కుల మీద పూస్తే అవి ఇంకా ముదురుతాయి. తేడా తెలియకుండా ఒకరి ట్యూబు ఇంకొకరు వాడటంలో ఉన్న ఇబ్బంది ఇదే.

పంటి చీము

పిప్పిపన్ను లోతుకు దిగి లోపలి నరాన్ని, రక్తనాళాలను చంపేస్తుంది. చచ్చిన ఆ గదిలో బాక్టీరియా కాపురం పెట్టి, వేరు చివర చీము కడుతుంది. మాత్ర మింగితే మందు రక్తం ద్వారానే చేరాలి కదా, ఆ గదికి రక్తమే వెళ్లదు. అందుకే యాంటీబయాటిక్ చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది గానీ మూలాన్ని తాకలేదు. రూట్ కెనాల్ చేసి లోపల శుభ్రం చేయాలి, లేదా పన్ను తీసేయాలి. ఒక్కోసారి చిగురు మీద చిన్న బుడిపె లేచి పగిలి, చీము కారి, నొప్పి ఒక్కసారిగా మాయమవుతుంది. అది జబ్బు తగ్గడం కాదు, దారి దొరకడం. జ్వరం, ముఖం వాపు ఉంటే యాంటీబయాటిక్ కూడా కావాలి, అయితే చికిత్సకు తోడుగానే. గడ్డం కింద రెండువైపులా గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, మింగడం కష్టమైతే అది లుడ్విగ్ ఆంజైనా. గంటల్లో ఊపిరి ఆపేయగలదు.

చిగుళ్ల వాపుకు నొప్పి ఉండదు, బ్రష్ చేస్తే రక్తం వస్తుందంతే. రక్తం చూసి అక్కడ బ్రష్ చేయడం మానేస్తే గార పెరిగి వాపు ఇంకా ఎక్కువవుతుంది. మెత్తని బ్రష్‌తో అక్కడే శ్రద్ధగా తోమాలి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కొద్ది రోజులకైతే మంచిదే, వారాల తరబడి వాడితే పళ్లకు గోధుమరంగు పడుతుంది. పళ్ల మధ్య చిగురు కొనలు కొరికేసినట్టు పుండ్లుపడి, భరించలేని నొప్పి, దుర్వాసన ఉంటే మాత్రం డెంటిస్టు శుభ్రం చేయడంతో పాటు తరచూ మెట్రోనిడజోల్ కూడా అవసరమవుతుంది.

కారణం ఏదైనా, మూడు వారాలు దాటినా మానని పుండు, ఒక్క వైపే పెరుగుతున్న టాన్సిల్, నొప్పి లేకుండా మెడలో గట్టిపడుతున్న బిళ్ల, ఒక చెవిలోకి పోట్లు తెచ్చే గొంతునొప్పి ఇన్ఫెక్షన్ ఖాతాలో వేయదగ్గవి కావు. పొగతాగని, పొగాకు నమలని వాళ్లలోనూ హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్ల గొంతు క్యాన్సర్ వస్తుంది. దాని మొదటి గుర్తు చాలాసార్లు నొప్పి లేని ఆ మెడబిళ్లే. అప్పటికే ఒక కోర్సు యాంటీబయాటిక్ వాడి తగ్గకపోతే రెండో కోర్సు కాదు, ఈఎన్‌టీ నిపుణుడి పరీక్ష, అవసరమైతే బయాప్సీ చేయించాలి.